ఎడమచేతి నాలుగు మెట్లు

బజారులో ఆవిడను అందరూ శ్రుతక్క అనే పిలుస్తారు. పుట్టినప్పుడు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, అది ఓటర్ల జాబితాలో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. పాడైపోయిన వాయిద్యాలు బాగుచేయడం ఆవిడ పని. పాత కాంప్లెక్సు మొదటి అంతస్తులో, ఫొటో స్టూడియోకీ కళ్ళజోళ్ళ దుకాణానికీ మధ్య ఇరుక్కున్న పొడుగాటి గది ఆవిడది. కిటికీ పక్కన బల్ల. బల్లమీద మెడ వంగే దీపం, స్పిరిట్ సీసా, దూది, పళ్ళు తోమడానికి పనికిరాకుండా పోయిన బ్రష్షులు నాలుగైదు. గోడల వెంట నిలువుగా ఆనించిన కీబోర్డులు. ఒక్కోదాని నడుముకీ రబ్బరుబ్యాండుతో కట్టిన చీటీ. అది ఎవరిదో, దానికేం జబ్బో ఆ చీటీ మీద రాసి ఉంటుంది.

యాభై ఆరేళ్ళ మనిషి, బక్కపలచన. ముక్కుమీద ఒక జత అద్దాలు, నెత్తిమీద ఇంకో జత. ఎవరితోనూ పేచీకి పోయే రకం కాదు. పాటల సంగతి వస్తే మాత్రం ఆవిడ నోటికి అడ్డూ అదుపూ ఉండవు.

అందుకు తగ్గ కారణం సరిగ్గా ఆవిడ కిటికీ కిందే ఉంది. కింద సెల్‌ఫోన్ల కొట్టు. కొట్టు గుమ్మంలో మనిషెత్తు స్పీకరు. పొద్దున పదింటికి షట్టరు లేపడంతో పాట మొదలవుతుంది, మళ్ళీ షట్టరు దించేదాకా ఆగదు. చెవుల్లో దూది కుక్కుకుంటే కాళ్ళ కింద గచ్చు నుంచి వస్తుంది. ఆ ఏడాది వర్షాలు మొదలయ్యే ముందు ఒక పాట పట్టుకుంది. పది రోజులపాటు అదే. పదకొండో రోజు శ్రుతక్క ఓపిక నశించి కిందికి దిగింది.

"బాబూ, నీకు పుణ్యముంటుంది. ఆ పాట మార్చకూడదూ?"

కొట్టతను బిత్తరపోయాడు. "మార్చానుగా అక్కా! అది నిన్నటిదాకా. ఇది వేరే సినిమా, ఇవాళ పొద్దున్నే రిలీజైంది."

శ్రుతక్క నిలబడి విన్నది. నిజమే. మాటలు వేరు, పాడిన మనిషి వేరు. మిగిలినదంతా అచ్చుగుద్దినట్టు అదే. అదే దరువు, అదే ఎత్తుగడ, అదే చోట అందరూ కలిసి అరవడం.

"ఇది కూడా మీ తమ్ముడుగారిదే అక్కా," అన్నాడు కొట్టతను, ఆవిడ సంతోషిస్తుందని.

ఆవిడ గిరుక్కున తిరిగి పైకి వచ్చేసింది. అరికాలి మంట నెత్తికెక్కింది.

సినిమాలకు బాణీలు కట్టే ఆ తమ్ముడు ఆవిడ చేతుల్లో పెరిగినవాడే. తండ్రి హార్మోనియంలు చేసేవాడు. ఇత్తడి రీడ్డును బ్లేడుతో గీకి శ్రుతి చేయడం ఆయన దగ్గరే ఇద్దరూ నేర్చుకున్నారు. కొనవైపు గీకితే స్వరం ఎక్కుతుంది, మొదలువైపు గీకితే దిగుతుంది. ఒక్క గీటు ఎక్కువైతే రీడ్డు పారేయాల్సిందే. అక్కకు చెయ్యి కుదిరింది. తమ్ముడికి చెవి కుదిరింది. ఎనిమిదేళ్ళ వయసులో వాడు వీధిలో గోళీలాడుకుంటూ, లోపల తండ్రి పెట్టె వాయించి చూసుకుంటుంటే, "నాన్నా, నల్లది మూడోది కొంచెం కిందికుంది," అని అక్కణ్ణుంచే అరిచేవాడు. తండ్రి మళ్ళీ చూసుకుంటే కిందికే ఉండేది. ఆ చెవిని చూసి అక్క మురిసిపోయేది. అసూయ కూడా పడేది. ఆ మాట తర్వాతెప్పుడో మొగుడి దగ్గర ఒప్పుకుంది.

తండ్రి పోయాక హార్మోనియంలు అడిగేవాళ్ళు తగ్గిపోయారు. కీబోర్డులొచ్చాయి. శ్రుతక్క మొహం చిట్లించుకుంటూనే వాటి పొట్టలు విప్పడం నేర్చుకుంది. నల్లవీ తెల్లవీ వేళ్ళతో నొక్కేవాటిని ఇప్పటికీ మెట్లనే అంటుంది, పెట్టెల రోజుల అలవాటు. కీబోర్డులో ఒక్కో మెట్టు కిందా రబ్బరు బుడిపె, ఆ బుడిపెకు నల్లటి చుక్క ఉంటాయి. మెట్టు నొక్కితే చుక్క వెళ్ళి కింది పలకకు తగులుతుంది, స్వరం పలుకుతుంది. నొక్కగా నొక్కగా చుక్క అరిగిపోతుంది, మెట్టు మూగబోతుంది.

ఆవిడకు మండిపోయేది ఇక్కడే. పెళ్ళిళ్ళలో వాయించేవాళ్ళవీ, పిల్లలకు పాఠాలు చెప్పే మాస్టార్లవీ, స్టూడియోలవీ, ఎవరి కీబోర్డు తెచ్చినా అరిగేవి ఎడమచేతి వైపు ఆ నాలుగు మెట్లే. పాట ఏ శ్రుతిలో కావాలన్నా పక్కనున్న బొత్తాం నొక్కి మార్చుకుంటారు, వేళ్ళు మాత్రం ఉన్నచోటు నుంచి కదలవు. ఎడమచెయ్యి ఆ నాలుగింటి మీదే గానుగెద్దులా తిరుగుతుంది. కుడి చివరి మెట్లయితే ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంటాయి. అందుకే ఆవిడ కొత్త రబ్బరు కూడా తెప్పించేది కాదు. కుడి చివర బుడిపెలున్న రబ్బరు పట్టీ ఊడదీసి ఎడమవైపు వేసేది, అరిగినది కుడి చివర వేసేది. ఇన్నేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు వచ్చి, "అక్కా, పై మెట్లు పలకట్లేదు," అన్నది లేదు. అక్కడిదాకా పోయిన చెయ్యి ఉంటేగా!

సరిగ్గా ఆ రోజుల్లోనే తమ్ముడొచ్చాడు. కొత్త కారు కింద ఆపుకుని, కీబోర్డు తనే భుజాన వేసుకుని మెట్లెక్కాడు. జుట్టుకు రంగేశాడు. మెడలో ఏదో వేలాడుతోంది. దుకాణానికి వచ్చి మూడేళ్ళయింది.

"ఎలా ఉన్నావక్కా?"

శ్రుతక్క కింద మోగుతున్న పాటవైపు గడ్డం చూపించింది. "అలా ఉన్నాను."

తమ్ముడు నవ్వాడు. పొగడ్తనుకున్నాడు. "మూడు వారాలుగా అదే నంబర్ వన్ అక్కా. సరే, ఇది చూడు. నాకు అచ్చొచ్చిన కీబోర్డు. నా హిట్లన్నీ దీనిమీదే పుట్టాయి. శుక్రవారం నిర్మాతతో కూర్చోవాలి, ఇంకోదాని మీద నాకు చెయ్యి తిరగదు. కొన్ని మెట్లు ఓసారి పలుకుతాయి, ఓసారి పలకవు."

"ఏవో నేను చెప్పనా?"

ఆవిడ సంచి జిప్పు తీసి, కరెంటు పెట్టకుండానే, పెన్సిలు మొనతో ఎడమవైపు నాలుగు మెట్లు వరసగా తాకింది.

"ఎలా తెలిసింది?" అన్నాడు తమ్ముడు.

"ఊరందరికీ పోయేవి అవే. నీకు ఇంకేవైనా పోయుంటాయేమోనని చిన్న ఆశ ఉండేది. అదీ పోయింది."

ఆ మాటలో ముల్లు తమ్ముడికి తగల్లేదు. ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు. "శుక్రవారానికి ఒకటి చేశానక్కా. ఇంతవరకూ ఎవరికీ వినిపించలేదు, మొదట నీకే." కళ్ళు మూసుకుని, తొడమీద దరువేస్తూ, కూనిరాగంగా మొదటి లైను అన్నాడు. ఊపిరి తీసుకున్నాడు.

అతను నోరు తెరిచేలోపల, కళ్ళద్దాలు తుడుచుకుంటున్న శ్రుతక్క రెండో లైను పాడేసింది.

తమ్ముడి మొహం పాలిపోయింది. లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. "ఎవరు వినిపించారు నీకు? నా దగ్గర గిటారు వాయించేవాడు చాటుగా విన్నాడా? నిజం చెప్పక్కా, ఇది బయటికి పోతే నా కొంప మునుగుతుంది!"

"ఎవరూ వినిపించలేదురా."

"మరి రెండో లైను నీకెలా తెలుసు?"

"మొదటిది విన్నానుగా. అక్కణ్ణుంచి ఇంకెక్కడికి పోతుంది? పోయినేడు అక్కడికే పోయింది. అంతకుముందేడూ అక్కడికే పోయింది. మూడో లైను కూడా అననా? అందులో పైకెక్కుతావు, ఎక్కి ఆగుతావు, డప్పులన్నీ మానేస్తాయి, అందరూ కలిసి ఓ అంటారు, మళ్ళీ దబదబమని మొదలు."

తమ్ముడు మళ్ళీ పీటమీద కూలబడ్డాడు. మూడో లైను సరిగ్గా అదే.

"జనానికి అదే కావాలి," అన్నాడు చివరికి.

"జనం మీదికి నెట్టకు. వీధి చివర గోళీలాడుతూ రీడ్డు తప్పు పట్టిన చెవిరా నీది. అలాంటి చెవి పెట్టుకుని ఇలాంటివి ఎలా చేస్తున్నావని అడుగుతున్నాను. చెవిటివాడు చేస్తే నాకు ఇంత కడుపు మండదు."

"నువ్వు రబ్బరు ముక్కలు తుడుచుకుంటూ ఎన్నయినా చెప్తావు," అన్నాడు తమ్ముడు లేస్తూ. "శుక్రవారం పొద్దున మనిషిని పంపిస్తా."

ఆ సాయంత్రం ఆవిడ కీబోర్డు విప్పింది. పట్టీ మార్చింది, పలకలు తుడిచింది, తమ్ముడు చిందించిన టీ మరకలు కూడా గీకింది. అంతా బిగించబోతూ ఆగింది. చీటీల కట్టలోంచి ఒక కాగితం తీసి, వేలిగోరంత ముక్కలు నాలుగు కత్తిరించి, ఆ నాలుగు మెట్ల కిందా చుక్కకూ పలకకూ మధ్య పెట్టింది. తర్వాత మరలు బిగించేసింది. సంచిలో ఒక చీటీ వేసింది. "ఈ నాలుగూ లేకుండా ఒక్క పాట చెయ్యి. అయ్యాక తెస్తే తీసేస్తాను." అంతే రాసింది.

తమ్ముడు ఆ చీటీ చూడలేదు. చూసి ఉంటే కథ వేరుగా ఉండేదేమో. శుక్రవారమంతా శ్రుతక్కకు పని మీద మనసు నిలవలేదు. తప్పు చేశానా అనుకుంది. చేస్తే చేశాలే అనుకుంది. నిర్మాత ముందు వాడి పరువు పోతుందేమోనని భయపడింది, పోతే బాగుండునని కూడా లోపల్లోపల అనుకుంది.

శనివారం మధ్యాహ్నం తమ్ముడు వచ్చాడు. గుమ్మంలోంచే నిప్పులు చెరిగాడు.

"తోడబుట్టినదానివా, పగదానివా? నిర్మాత, దర్శకుడు, వాళ్ళ వెనక పదిమంది. నేను మొదలెడితే నాలుగు మెట్లూ చచ్చిన చేపల్లా ఉన్నాయి! చెమటలు పట్టాయి నాకు!"

"తర్వాత?" అంది శ్రుతక్క. ఆవిడకు ఆశ పుట్టింది. వాడు ఇంకో దారి తొక్కాడా అని.

"తర్వాతేముంది! చెయ్యి పన్నెండు మెట్లు పక్కకి జరిపా. పై స్థాయిలో అదే వాయించా." తమ్ముడు ఆగి, ఛాతీ విరుచుకుని అన్నాడు, "నిర్మాత ఎగిరి గంతేశాడు. 'ఈసారి ఏదో కొత్తగా ఉందండీ, ఇదే, ఈ కొత్తదనమే నాక్కావాలి' అన్నాడు. అక్కడికక్కడే ఓకే. కాబట్టి నీకు థ్యాంక్స్ చెప్పాలి. చెప్తున్నా. థ్యాంక్స్!"

శ్రుతక్క చేతిలో బ్రష్షు బల్లమీద పెట్టేసింది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి తమ్ముడు ఇంకా మండిపడ్డాడు.

"ఎంతసేపూ ఎదుటివాడిది అదే పాట, అదే పాట అని దెప్పడమేనా? నీ చేతికేం తక్కువ? చెవికేం తక్కువ? ఇంట్లో నాన్న చేసిన, కాలితో తొక్కే హార్మోనియం పెట్టె ఉంది. ఒక్క పాట చెయ్యి. ఎవ్వరిదీ కానిది, దేనిలాగా లేనిది. ఒక్కటి! అప్పుడు మాట్లాడు నాతో."

"చేస్తాను," అంది ఆవిడ, ఆలోచించకుండానే.

మర్నాటి నుంచి దుకాణానికి బయల్దేరే ముందు రోజూ గంటసేపు తండ్రి పెట్టె ముందు కూర్చుంది. మొదటి వారం బాగా సాగింది. రోజుకో వరస పుట్టుకొచ్చింది. రెండో వారం ఆ వరసలు మళ్ళీ వాయించి చూసుకుంటే ఆవిడ మొహం మాడిపోయింది. మొదటిది తండ్రి శ్రుతి సరిచూసుకోవడానికి వాయించే ముక్క. రెండోది బళ్ళో నేర్పిన ప్రార్థన, నడక మార్చుకుంది అంతే. మూడోది ఎక్కడిదో ఎంతకీ తట్టలేదు. ఆ సాయంత్రం బస్సులో తట్టింది. సబ్బు ప్రకటన. ఏదో పాత సబ్బు, ఇప్పుడు అది దొరకను కూడా దొరకదు.

ఇంకా ఘోరమైన సంగతి నెలాఖరున తెలిసింది. ఒకరోజు కళ్ళు మూసుకుని, మనసు ఎటుపోతే అటు పోనిచ్చి వాయించింది. ప్రాణం హాయిగా ఉంది. కళ్ళు తెరిచి చూసుకుంటే ఎడమచెయ్యి ఆ నాలుగు మెట్ల మీదే ఉంది. పెట్టె మూసేసి, మూతమీద అరచేత్తో ఒక్క చరుపు చరిచింది. వంటింట్లోంచి మొగుడు పరిగెత్తుకొచ్చాడు. ఆయన నీళ్ళ మీటర్లు చూసే ఉద్యోగి, నెమ్మదస్తుడు.

"ఏమైందోయ్?"

"ఏం కాలేదు. కింద కొట్టువాడి స్పీకరు నా ఒంట్లోకి దూరింది. వాడి షట్టరు దించినా ఇది ఆగదు."

మానేయొచ్చు. మానేస్తే తమ్ముడు నవ్వుతాడు. ఆ పంతం మీదే ఇంకో రెండు నెలలు కూర్చుంది. వచ్చినదాన్నల్లా ఇది ఫలానాది, ఇది ఫలానాదని కొట్టేసుకుంటూ పోగా పోగా, ఒక్క లైను మిగిలింది. ఎంత వెతికినా దానికి ఊరూ పేరూ దొరకలేదు. అది పైకి వెళ్తుందనుకున్నచోట పక్కకి తిరుగుతుంది, తిరిగి ఎవరూ పిలవని చోట ఆగుతుంది. మొగుణ్ణి కూర్చోబెట్టి వినిపించింది.

ఆయన శ్రద్ధగా విన్నాడు. "బాగుందోయ్. నిజంగా బాగుంది." కాస్త ఆలోచించి, "కానీ గుర్తుండట్లేదు," అన్నాడు.

మర్నాడు గడ్డం గీసుకుంటూ ఆయన తమ్ముడి పాట ఈలవేశాడు. శ్రుతక్క ఆ పూట ఆయనతో మాట్లాడలేదు.

ఆ ఆదివారం ఆవిడ తమ్ముడి స్టూడియోకి వెళ్ళింది. కిటికీల్లేని గది, గోడలకు మెత్తటి పలకలు, రెండు పెద్ద తెరలు. తమ్ముడు ఒక్కడే ఉన్నాడు, కళ్ళకింద నల్లగా ఉంది. ఎందుకొచ్చావని అడగలేదు. ఆవిడే చెప్పింది.

"మూడు నెలలు కూర్చున్నాను. ఒక్క లైను వచ్చింది. ఇది తేలికైన పని కాదు, అది ఒప్పుకుంటున్నాను. నువ్వు అసలు కూర్చోవట్లేదు, అది మాత్రం ఒప్పుకోను."

తమ్ముడు తెరమీద ఒక మెసేజ్ తెరిచి చూపించాడు. దర్శకుడు పంపింది. ఎవరిదో హిట్ పాట జతచేసి, కింద రాశాడు, "ఇలాంటిదే కావాలి, కానీ ఇది కాకూడదు. రేపు సాయంత్రానికి."

"నాకు వచ్చేవన్నీ ఇవే అక్కా. మూడు నెలలు కాదు, మూడు పూటలు కూడా ఎవరూ ఇవ్వరు."

"ఇవ్వకపోతే అడుగు."

"అడిగితే ఇంకొకణ్ణి పిలుస్తారు."

ఆవిడ కుర్చీ లాక్కుంది. కీబోర్డు ముందు కూర్చుని తన లైను వాయించింది. తమ్ముడు తల పక్కకి వాల్చి విన్నాడు. మళ్ళీ వాయించమన్నాడు. మూడోసారి సగంలో చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఇక్కడ దిగుతున్నావు. దిగకు. అక్కడే నిలబడు, రెండు మాత్రల కాలం. తర్వాత దిగు."

నిలబడి దిగింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎన్నో ఏళ్ళుగా చచ్చిపోయిందనుకున్న చెవి బతికే ఉంది. శ్రుతక్కకు కళ్ళు చెమర్చాయి, వెంటనే కోపం కూడా వచ్చింది. ఉండీ వాడట్లేదు వీడు!

"అక్కా, ఇది నాకివ్వు," అన్నాడు తమ్ముడు మెల్లగా.

"ఏం చేస్తావు?"

"పాట చేస్తా. ఈసారి సరిగ్గా చేస్తా. నీ మీద ఒట్టు."

ఇచ్చేసింది. దాని కింద ఆ నాలుగు మెట్లూ వేయనని మాట తీసుకునే ఇచ్చింది.

రెండు నెలలకు పాట వచ్చింది. మొగుడు ఫోన్లో పెట్టి తెచ్చాడు, భోజనాల బల్ల దగ్గర ఇద్దరూ తలలు దగ్గరపెట్టి విన్నారు. మొదట ఒంటరి వాయులీనం మీద ఆవిడ లైను. పక్కకి తిరిగింది, నిలబడింది, దిగింది. ఎంత అందంగా వాయించారో! శ్రుతక్క ఊపిరి బిగబట్టింది. లోపల పదకొండు అంకెలు లెక్కపెట్టేలోగా డప్పులు వచ్చి మీద పడ్డాయి. ఎడమచేతి నాలుగూ వచ్చాయి. అందరూ కలిసి ఓ అన్నారు. ఆవిడ లైను మళ్ళీ తిరిగి రాలేదు. పాట కింద, కృతజ్ఞతలన్న చోట, చిన్న అక్షరాల్లో ఆవిడ అసలు పేరుంది.

వెంటనే ఫోన్ చేసింది.

"నా పేరు తీసేయ్."

"అదేంటక్కా! అందరూ మెచ్చుకుంటున్నది ఆ ముక్కనే!"

"అంత మెచ్చుకునేదైతే పదకొండు అంకెలకే ఎందుకు కోశావు?"

"ఆ పైన వినరక్కా. వేలితో పక్కకి తోసేస్తారు. దర్శకుడు ఆ కాస్తా కూడా వద్దన్నాడు, నేనే పట్టుబట్టి ఉంచా. నీకు తెలీదు ఎంత గొడవపడ్డానో."

"ఒట్టు వేశావు."

 ఆవిడ పెట్టేసింది. సాయంత్రానికల్లా పేరు తీసేశాడు. ఆవిడ చెప్పినవాటిలో అదొక్కటే విన్నాడు.

ఆ తర్వాత ఏడాదిన్నర ఇద్దరికీ మాటల్లేవు. చుట్టాలింట ఎదురుపడితే, "బీపీ మందు వేసుకుంటున్నావా?" "నువ్వు?" అంతవరకే. కానీ శ్రుతక్క పెట్టె ముందు కూర్చోవడం మానలేదు. పంతం కోసం మొదలైనది పంతం లేకుండానే సాగింది. కొట్టేసేవి కొట్టేస్తూ, తిట్టుకునేవి తిట్టుకుంటూ, మొత్తానికి రెండో లైను పట్టుకుంది. ఆ సంగతి మొగుడి నోట్లో ఆగలేదు. వారం తిరక్కుండానే తమ్ముడు ఫోన్ చేశాడు.

"రెండో లైను వచ్చిందటగా? బావ చెప్పాడు."

"వచ్చింది."

"వినిపించవా?"

"మూడోది కూడా రానీ. నాలుగోది కూడా. మొత్తం పాట అయ్యాక, మొదటినుంచి చివరిదాకా కూర్చుని వినే ఓపికుంటే అప్పుడు రా. ముక్కలు మాత్రం ఇవ్వను."

"ఎన్నాళ్ళు పడుతుందక్కా?"

"నాకేం తెలుసురా. తెలిస్తే ఇన్నాళ్ళు పడుతుందా?"

తమ్ముడు సరేనన్నాడు. అప్పట్నుంచి నెలకోసారి ఫోన్ చేసి అయిందా అని అడుగుతాడు, ఆవిడ కాలేదంటుంది. ఈలోగా అతను ఇంకో మూడు సినిమాలు చేశాడు. ఆవిడ ఆ పాటలన్నీ వినక తప్పలేదు. ప్రతిదాని గురించీ, పూసగుచ్చినట్టు, ఫోన్లోనే చెడామడా తిట్టింది. ఈసారి తమ్ముడు ఎదురు చెప్పకుండా చివరిదాకా విన్నాడు.